ఆదివారం ఆగిన కారు

పత్తికి, మిరపకు మందు కొట్టే రోజులు వచ్చాయంటే మా సత్తెనపల్లి చుట్టుప్రక్కల పల్లెలు కోడి కూయక ముందే లేస్తాయి. ఎండ ముదరక ముందే పని ముగించాలని రైతు స్ప్రే ఇంజనును చేను గట్టున పెట్టి తాడు లాగుతాడు. ఒకసారి లాగుతాడు, రెండుసార్లు లాగుతాడు, పదిసార్లు లాగుతాడు. ఇంజను పలకదు. చివరకు ప్లగ్గు విప్పి చూస్తే మసి పట్టి నల్లగా ఉంటుంది. దాన్ని ఉప్పు కాగితంతో రుద్ది, నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి మరల బిగించి లాగితే బుర్రుమని అందుకుంటుంది. వేలెడు పొడుగు లేని ఆ ప్లగ్గు మూలంగా ఒక పూట పని, దానితోపాటు కూలి డబ్బులు పోగొట్టుకున్న ఇళ్లు మా సంఘములోనే ఉన్నాయి.

ఆ చిన్న ప్లగ్గును గురించి, దానికి నిప్పురవ్వను అందించే సామానును గురించి ఈ నెల మీతో మాట్లాడవలెనని ఉన్నది. దైవజనులకు ఇంజన్ల గొడవ ఎందుకని మీరు అనవచ్చును. దీనికి కారణం ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న.

చౌమహల్లాలో అడిగిన ప్రశ్న

కొంతకాలం క్రితం మా సంఘ యౌవనస్థులను వెంటబెట్టుకొని హైదరాబాదు వెళ్లాము. చార్మినారుకు దగ్గరలో ఉన్న చౌమహల్లా ప్యాలెస్ చూపించాము. అది నిజాం నవాబుల రాజభవనము. అక్కడ నవాబుల పాత మోటారు బండ్లను వరుసగా నిలిపి ఉంచారు. అన్నిటిలోను అందరి కండ్లు పడేది పసుపుపచ్చ రంగు వేసిన ఒక పొడుగాటి కారు మీద. అది రోల్స్‌రాయిస్ కంపెనీవారు 1912 ప్రాంతములో తయారు చేసిన సిల్వర్ ఘోస్ట్ అనే కారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని ఆర్డరిచ్చాడు. అయితే 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. ఆయన ఏరి కోరి తెప్పించుకున్న కారులో ఆయన ఒక్కసారియైనను కూర్చోలేదు. అది ఆయన కుమారుడు, ఏడవ నిజాము అయిన ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. పైన గుమ్మటము వంటి కప్పు, లోపల సింహాసనము వలె ఎత్తయిన ఆసనము, వెండి పనితనము. కారు మీద కట్టడము చేసినది లండనులోని బార్కర్ అనే పేరుగల కంపెనీ. ఇది ఊరేగింపుల కొరకు చేయించిన కారు గనుక అది జీవితకాలములో నడిచినది కొన్ని వందల మైళ్లు మాత్రమే. తరువాత దశాబ్దాల తరబడి షెడ్డులో ఉండిపోయి, మరమ్మతులు పొంది, ఇప్పుడు చూపరుల ముందు నిలిచింది.

అందరూ గుమ్మటాన్ని, వెండిని చూసి ముచ్చటపడుతుంటే మా గుంపులో ఒక కుర్రవాడు మాత్రం వంగి కారు ముందు భాగము క్రిందికి చూస్తున్నాడు. వాడు మా ఊరి బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. మా ప్రక్కకు వచ్చి మెల్లగా, "అయ్యగారూ, ఇది ఇప్పుడు స్టార్టవుతుందా?" అని అడిగాడు.

మాకు జవాబు తెలియలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఆ కారు సంగతులు వెదకి చదివాము. చదువుతూ పోతే తెలిసినది ఏమిటంటే, ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్ననే నూరేండ్లకు ముందు ఇంగ్లాండు దేశమంతా అడిగింది. ఇది స్టార్టవుతుందా? స్టార్టయిన తరువాత ఆగకుండా నడుస్తుందా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి రోల్స్‌రాయిస్ వారు చేసిన పరీక్ష మోటారు చరిత్రలో పేరు పొందింది.

నిప్పురవ్వ సంగతి

ముందుగా ఆ రోజులలో కారు ఎందుకు ఆగిపోయేదో తెలుసుకొందాము. పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి సిలిండరులోనికి వస్తాయి. ముషలకము, అనగా మన మెకానిక్కులు పిస్టను అంటారు, ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన ఒక నిప్పురవ్వ పడాలి. ముందు పడితే ఇంజను ఎదురు తన్నుతుంది. ఆలస్యముగా పడితే బలము ఉండదు. పడకపోతే ఇంజనే లేదు. మోటారు కారుకు ఆద్యుడని పేరుపొందిన జర్మనీ దేశస్థుడు కార్ల్ బెంజ్ కూడా అన్నిటికంటె కష్టమైన సమస్య ఈ నిప్పు సమస్యేనని భావించాడు. మొదటి కార్లలో కొన్నింటికి సిలిండరు ప్రక్కన ఒక గొట్టము పెట్టి, దానిని దీపముతో ఎర్రగా కాల్చేవారు. గాలి వీచి దీపము ఆరితే కారు ఆగేది. దీపము తిరగబడితే కారే కాలేది.

తరువాత విద్యుత్తుతో నిప్పు పుట్టించే రెండు పద్ధతులు వచ్చాయి.

మొదటిది బ్యాటరీ, కాయిలు పద్ధతి. బ్యాటరీలోని కరెంటు ప్లగ్గు కొనల మధ్య ఖాళీని దాటలేనంత బలహీనము. దానిని వేల ఓల్టులకు పెంచాలి. ఎట్లా పెంచుతారు? చేనులో మోటారు నడుస్తుండగా కరెంటు ఒక్కసారిగా పోతే, ఒక్కొక్కప్పుడు పైపు దడదడలాడుట మీరు చూసియుంటారు. పారుతున్న నీరు ఒక్కసారి ఆగిపోవుట చేత ఆ దెబ్బ పుడుతుంది. కాయిలులోను అంతే. పారుతున్న కరెంటును టక్కున తెంచితే, ప్రక్కనే వేల చుట్లు చుట్టిన సన్నని తీగలో పెద్ద ఓల్టేజి పుట్టి ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతుంది. ఆ తెంచే పని చేసేది రెండు చిన్న లోహపు ముక్కలు. వాటినే మన మెకానిక్కులు పాయింట్లు అంటారు. పాత రోజుల కాయిలులో ఆ తెంపు కాలింగ్ బెల్లులోని సుత్తి వలె గిలగిల కొట్టుకొనేది.

రెండవది మాగ్నెటో. ఇది సైకిలు డైనమో వంటిది. అయస్కాంతము, తీగ చుట్ట ఉంటాయి. ఇంజను తిరిగితే చాలు, తన కరెంటును తానే పుట్టించుకొంటుంది. బ్యాటరీ అక్కరలేదు. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీలో పనిచేసిన గాట్లోబ్ హొనోల్డ్ అనే ఇంజనీరు 1902లో ప్లగ్గుకు నేరుగా పెద్ద ఓల్టేజి అందించే మాగ్నెటోను తయారు చేశాడు. అది కార్లకు పెద్ద మేలు చేసింది. అయితే దానికి ఒక లోపమున్నది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు మాగ్నెటో రవ్వ బలహీనముగా ఉంటుంది. చేతితో హ్యాండిలు తిప్పి స్టార్టు చేసే రోజులలో ఇది చిన్న లోపము కాదు. కాయిలుకు ఆ లోపము లేదు గాని, బ్యాటరీ అయిపోతే అదీ మౌనమే.

తీగ తెగినా, పాయింట్లు కాలినా, తేమ పట్టినా, ప్లగ్గు పింగాణీ పగిలినా కారు దారిలో నిలిచేది. అప్పటి కార్లు ఆగిపోవుటకు ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

పేపర్లు అమ్మిన పిల్లవాడు

ఈ సిల్వర్ ఘోస్ట్ కారును తయారు చేసిన హెన్రీ రాయిస్ ధనవంతుల బిడ్డ కాడు. 1863లో ఇంగ్లాండులో ఆల్వాల్టన్ అనే పల్లెలో ఒక పిండి మర నడుపుకొనే వాని ఇంట పుట్టాడు. మర దివాలా తీసింది. తొమ్మిదేండ్లకే తండ్రి చనిపోయాడు. రాయిస్ వీధులలో పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు అందించాడు. ఒక మేనత్తో పినతల్లో, దగ్గరి బంధువు సాయముతో రైల్వే వర్కుషాపులో పనివాడుగా చేరాడు గాని, ఆమె దగ్గర డబ్బు అయిపోగా అది పూర్తి చేయలేకపోయాడు. 1884లో ఒక స్నేహితునితో కలిసి మాంచెస్టరులో చిన్న విద్యుత్ పనుల దుకాణము పెట్టి కాలింగ్ బెల్లుల సామాను, తరువాత డైనమోలు, బరువులెత్తే క్రేన్లు తయారు చేశాడు.

అంటే ఈయన మొదట కరెంటు పనివాడు, కారు పని తరువాత నేర్చుకొన్నాడు. డెకావిల్ అనే ఫ్రెంచి కారును సెకండ్ హ్యాండులో కొని, దాని పనితనము నచ్చక దానిని విప్పి చూసి, దీనికంటె బాగా చేయగలనని తానే కారు చేయ మొదలుపెట్టాడు. 1904 ఏప్రిల్లో అతని మొదటి కారు రోడ్డెక్కింది. ఆ మే నెలలోనే ఛార్లెస్ రోల్స్ అనే ధనిక యువకుడు ఆయనను కలిశాడు. ఇద్దరి పేర్లు కలిసి రోల్స్‌రాయిస్ అయింది.

కరెంటు పనివాడు గనుక రాయిస్ నిప్పు సమస్యను తేలికగా తీసుకొనలేదు. 1906 చివరలో లోకానికి చూపించిన ఆరు సిలిండర్ల పెద్ద కారులో ప్రతి సిలిండరుకు రెండేసి ప్లగ్గులు పెట్టాడు. ఒక వరుస ప్లగ్గులకు కాయిలు నుండి, మరొక వరుసకు మాగ్నెటో నుండి నిప్పు వస్తుంది. కాయిలుతో తేలికగా స్టార్టు చేయవచ్చును. మాగ్నెటోతో వేగముగా నడుపవచ్చును. ఒకటి చెడితే రెండవదానితో ఇల్లు చేరవచ్చును. మన ఇండ్లలో కరెంటు దీపము ప్రక్కన లాంతరు పెట్టుకొనే తెలివే ఇది.

పదిహేను వేల మైళ్లు

అయితే బాగా చేశామని చేసినవారు చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ ఒక ఆలోచన చేశాడు. 1907లో ఒక కారుకు వెండి రంగు వేయించి, వెండి పూత సామాను బిగించి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టాడు. అనగా వెండి దయ్యము. పేరు చూసి మన చదువరులు కలవరపడవద్దు. దాని చప్పుడు వినబడదు గనుక ఆ పేరు పెట్టాడు. ఆ కారు నంబరు ఏఎక్స్ 201. తరువాత ఆ పేరు ఆ రకపు కార్లన్నింటికీ నిలిచిపోయింది. నిజాము తెప్పించుకొన్నది కూడా ఆ రకమే.

ఈ కారును రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వారి చేతిలో పెట్టారు. క్లబ్బు మనిషి కారులోనే కూర్చొని కారు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏమి బాగుచేశారు, అన్నీ పుస్తకములో వ్రాయాలి. టైర్లు మార్చుటకు ఆగితే అది వేరు లెక్క. ఆ రోజుల టైర్లు మేకులకు, రాళ్లకు తట్టుకొనేవి కావు. మిగిలిన ఏ కారణము చేత ఆగినా అది కారు తప్పే.

స్కాట్లండు కొండ దారులలో జరిగిన పరీక్షలో కూడా ఈ కారును నడిపించారు. అక్కడ మొదటి నుండి లెక్కిస్తే 629 మైళ్ల దగ్గర కారు ఆగింది. ఏమిటని చూస్తే రాళ్ల దారిలో అదురుకు పెట్రోలు కుళాయి తనంతట తానే మూసుకొనిపోయింది. ఇంజను చెడలేదు. నిప్పు ఆరలేదు. ఒక చిన్న కుళాయి తిరిగింది, అంతే. దానిని తెరచి మరల నడిపారు. ఒక నిమిషము పని. ఎవరూ చూడలేదన్నట్లు దాచిపెట్టవచ్చునా? పుస్తకము చేతబట్టుకొని క్లబ్బు మనిషి కూర్చున్నాడు గదా! వ్రాశారు.

అక్కడ నుండి కారు ఆగలేదు. లండనుకు, గ్లాస్గోకు మధ్య పగలు, రాత్రి తిరిగింది. డ్రైవర్లు మారారు గాని కారు మారలేదు. 14,371 మైళ్లు, అనగా మన లెక్కలో 23 వేల కిలోమీటర్ల పైన, తనంతట తాను ఆగకుండా నడిచింది. అంతకుముందు ఉన్న రికార్డు ఏడువేల మైళ్ల పైచిలుకు. ఇది దానికి రెట్టింపు. మొత్తము పరీక్ష 15,000 మైళ్లు. సత్తెనపల్లి నుండి గుంటూరు వెళ్లి రావడము సుమారు 70 కిలోమీటర్లు అనుకొంటే, ఆ కారు అటువంటి ప్రయాణాలు 340 వరకు చేసినట్టు.

నిప్పురవ్వల లెక్క వేసి చూడండి. గంటకు 20 మైళ్ల సరాసరి అనుకుంటే 15,000 మైళ్లకు 750 గంటలు. ఆరు సిలిండర్ల ఇంజనుకు ఒక్క చుట్టుకు మూడు రవ్వలు కావాలి. నిమిషానికి 1,000 చుట్లు అనుకుంటే నిమిషానికి 3,000 రవ్వలు. మొత్తము పదమూడున్నర కోట్ల రవ్వలు! ఇది మేము వేసుకొన్న ఉరమర లెక్కయే. అయినను ఆ రెండు చిన్న లోహపు ముక్కలు ఎన్నిసార్లు కలిసి విడిపోయాయో దీనిని బట్టి మీకు అర్థము కాగలదు. అందులో వరుసగా కొన్ని తప్పినా క్లబ్బు మనిషి పుస్తకములో ఇంకొక గీత పడియుండేది.

పరీక్ష అంతటితో ముగియలేదు. కారును విప్పమన్నారు. ప్రతి ముక్కనూ కొలిచారు. కొత్త కారుతో సమానముగా చేయుటకు అరిగిన వాటికి బదులు కొత్తవి వేస్తే ఎంత ఖర్చవుతుందని లెక్క కట్టారు. 2 పౌన్లు, 2 షిల్లింగులు, 7 పెన్నీలు. ఆ కారు ఖరీదు ముందు అది లెక్కలోనికి రాని సొమ్ము.

ఆరు దినములు నడిచి ఒక దినము ఆగి

ఈ సంగతులలో మా మనస్సును ఎక్కువగా పట్టుకొన్నది ఒకటున్నది. ఆ కారు పగలు, రాత్రి నడిచిందని చెప్పాము గదా. అయితే ఆదివారము నడవలేదు. సోమవారము నుండి శనివారము వరకు రోడ్డు మీద ఉన్నది. ఆదివారము షెడ్డులో ఉన్నది. రికార్డు కొరకు పోటీపడుతున్నవారు, ఒక్కొక్క మైలును లెక్క పెట్టుకొంటున్నవారు, వారానికి ఒక దినము ఊరకుండినారు. ఆ కాలపు ఇంగ్లాండులో ప్రభువు దినమునకు ఇచ్చిన మర్యాద అట్టిది.

దీనిలో మెకానిక్కులకు తెలిసిన ఒక మర్మము కూడా ఉన్నది. వేడిగా తిరుగుతున్న ఇంజనుకు నిప్పు అందుట ఒక ఎత్తు. ఒక దినమంతా చల్లబడిన ఇంజనును సోమవారము మరల లేపుట మరొక ఎత్తు. మీ మోపెడ్లు కూడా రాత్రంతా మంచులో ఉన్న తరువాత ప్రొద్దున్నే గదా మొండికేసేది! కాబట్టి విశ్రాంతి దినము ఆ కారుకు పరీక్ష తగ్గించలేదు, ప్రతి వారము ఇంకొక పరీక్షను కలిపింది.

"ఆదివారము కూడా మందు కొట్టకపోతే పంట పోతుందయ్యగారూ" అని మాతో అనేవారు ఉన్నారు. వారిని మేము తిట్టము. మబ్బు చూసి రైతు పడే బాధ మాకు తెలుసు. అయితే 15,000 మైళ్ల పరీక్షలో ఆదివారములు మానుకొన్నందువలన ఆ కారు వెనుకబడలేదని మాత్రము వారికి చెప్పదలచాము.

ఘాట్ రోడ్ల మీద

ఈ కార్లు మన దేశానికి వచ్చినప్పుడు మన రోడ్లకు తట్టుకుంటాయా అని అనుమానపడ్డారు. 1908లో బొంబాయి నుండి కొల్హాపూరు వరకు ఒక మోటారు పరీక్ష జరిగింది. పడమటి కనుమల ఘాట్ రోడ్లు ఎక్కుతూ, దిగుతూ 620 మైళ్ల దారి. అందులో పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్, అనగా తూర్పు దేశపు ముత్యము అని పేరు పెట్టిన సిల్వర్ ఘోస్ట్ కారు నెగ్గింది. దానిని గ్వాలియరు మహారాజు కొనుక్కున్నాడు. ఆ తరువాత మన దేశపు రాజులు, నవాబులు వరుసగా ఆర్డర్లు పంపారు. హైదరాబాదు నిజాము ఆర్డరు కూడా ఆ వరుసలోనిదే.

కాబట్టి చౌమహల్లాలోని పసుపుపచ్చ కారు మీద ఉన్న గౌరవము గుమ్మటము వలన వచ్చినది కాదు. మనము ఎరుగని డ్రైవర్లు రాత్రులు నిద్ర మాని చలిలో నడిపిన ఇంకొక కారు వలన వచ్చింది. నిజాము సింహాసనము చేయించుకొన్నాడు. ఆ సింహాసనము క్రింద ఉన్న ఇంజను నమ్మదగినదని ఋజువు చేసినవారు మాత్రము వేరు.

మేడికొండూరు దగ్గర ఒక రాత్రి

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలెను. ఇది చెప్పుట మాకు సులువు కాదు.

1994వ సంవత్సరము, వర్షాకాలము. మాకు పదునాలుగేండ్లు. మా పెద్దక్క మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. ఊరిలో మంత్రసాని చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, గుంటూరు తీసుకుపోండి" అన్నది. నాన్న పరుగెత్తుకొని వెళ్లి పెట్రోలు అంబాసిడర్ కారు ఉన్న డ్రైవరును లేపాడు. ఆయన మాకు వరసకు బాబాయి. ఒక్క మాట అనకుండా లేచి వచ్చాడు. అక్కను వెనుక సీటులో పడుకోబెట్టి అమ్మ ఒడిలో తల పెట్టుకొన్నది. మేము నాన్న ప్రక్కన ముందు ఇరుక్కొని కూర్చున్నాము. వాన కుండపోతగా కురుస్తున్నది.

మేడికొండూరు ఇంకా రాలేదు. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బాబాయి తాళము తిప్పాడు. సెల్ఫ్ తిరుగుతున్నది గాని ఇంజను అందుకోవడము లేదు. దిగి బానెట్ ఎత్తాడు. నాన్న కండువా పరచి వాన పడకుండా పట్టుకొన్నాడు. మాకు టార్చిలైటు ఇచ్చారు. బాబాయి డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే లోపల తేమ ఉన్నది. పాయింట్లు కాలి గుంటలు పడి ఉన్నాయి. మార్చుటకు వేరే పాయింట్లు కారులో లేవు. అగ్గిపెట్టె ప్రక్కన మందు పూసిన పట్టీతో రుద్దాడు. అది వానకు తడిసి చినిగింది. రెండవ అగ్గిపెట్టె తీశాడు. మా చేతిలో టార్చి వణుకుతున్నది. వెనుక సీటులో అక్క కేకలు తగ్గిపోయి మూలుగులోనికి వచ్చాయి. అమ్మ గట్టిగా ప్రార్థన చేస్తున్నది.

"పోయిన వారమే మార్చాల్సింది అన్నయ్యా. ఈ ట్రిప్పు కానిచ్చి చూద్దామనుకొన్నా. ఈ ట్రిప్పు, ఈ ట్రిప్పు అనుకుంటూనే ఉన్నా" అన్నాడు బాబాయి. నాన్న ఏమీ అనలేదు.

గంటకు పైగా పట్టింది. చివరకు ఇంజను అందుకొన్నది. గుంటూరు చేరాము. డాక్టరమ్మ ఆపరేషను చేసింది. అక్క బ్రతికింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

ఆ గంట మూలానే బిడ్డ పోయాడని డాక్టరమ్మ అనలేదు. మేమూ అనము. ఆ లెక్క దేవునికి తెలుసు. అక్కకు తరువాత ఇద్దరు బిడ్డలు కలిగారు. అయితే బాబాయి ఆ మాటను మరచిపోలేదు. మేమూ మరువలేదు. ఈ ట్రిప్పు కానిచ్చి చూద్దాము. ఆ మాట ఒక్క డ్రైవరు మాట కాదు. మనమందరము రోజూ ఏదో ఒకదాని విషయమై అనుకొనే మాటే.

సిల్వర్ ఘోస్ట్ పరీక్షను గురించి చదువుతుండగా మాకు ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. అవసరము రాకముందే కారును కష్టపెట్టి చూచుట, ఆగినచోట దాచక వ్రాయుట, విప్పి అరుగుదల కొలుచుట, ఒకటి పోతే మరొకటి సిద్ధముగా పెట్టుట. పెద్ద కంపెనీలు రికార్డు కొరకు చేసే పనులని అనుకొనేవారము. కాదు. అర్ధరాత్రి వానలో వెనుక సీటులో ఉన్నవారి కొరకు చేయవలసిన పనులవి.

మన ఇండ్లలో చేయదగినవి

ఇప్పుడు కొత్త బండ్లలో పాయింట్లు లేవు. కరెంటును తెంచే పనిని ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తుంది. అంబాసిడర్ కారు తయారీ కూడా 2014లో ఆగిపోయింది. అయినను ప్లగ్గు ఉన్నది, కాయిలు ఉన్నది, తీగ ఉన్నది, తేమ ఉన్నది. పాత ఇంజన్లు ఇంకా మన పల్లెలలో ఉన్నాయి. మా మెకానిక్ కుర్రవానిని, వాని గురువును అడిగి వ్రాసుకొన్న సంగతులు కొన్ని ఇక్కడ ఇస్తున్నాము.

మందు కొట్టే రోజులు రాకముందే స్ప్రే ఇంజనును ఒకసారి దించి స్టార్టు చేసి చూడండి. పురుగు పడిన ప్రొద్దున కాదు, అంతకు రెండు వారాల ముందు.

ప్లగ్గు విప్పి దాని కొన రంగు చూడండి. టీ రంగులో ఉంటే ఇంజను బాగున్నది. నల్లని మసి గాని, నూనె జిడ్డు గాని ఉంటే పెట్రోలో, ఆయిలో ఎక్కువ పడుతున్నది. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలో ఇంజనుతో ఇచ్చిన పుస్తకములో ఉంటుంది. చేతివాటముగా పోయవద్దు. కొన తెల్లగా మాడినట్టు ఉంటే ఇంజను మితిమీరి వేడెక్కుతున్నది. దానిని మెకానిక్కుకు చూపించండి.

ప్లగ్గు కొనల మధ్య ఖాళీ పుస్తకములో చెప్పినంతే ఉండాలి. ఎక్కువైతే రవ్వ దూకలేదు, తక్కువైతే రవ్వలో బలముండదు. పింగాణీ మీద సన్నని పగులున్నా ఆ ప్లగ్గును పారవేయండి. రుద్ది రుద్ది వాడిన ప్లగ్గు కంటె కొత్త ప్లగ్గు చవక. ఒక పూట కూలి ముందు దాని ఖరీదు ఎంత?

రవ్వ పడుతున్నదో లేదో చూడాలంటే పెట్రోలు ఒలికిన చోట చూడవద్దు. చేతులతో తీగను పట్టుకొనవద్దు. తెలిసినవారి చేత చూపించుకోండి.

పంట అయిపోయిన తరువాత ఇంజనును పెట్రోలుతో అట్లాగే మూల పెట్టవద్దు. ట్యాంకు ఖాళీ చేసి, తుడిచి, తడి తగలని చోట పెట్టండి. అప్పుడప్పుడు తీసి నడపండి. వాడని సామాను కూడా చెడుతుంది.

కారు గాని, ఆటో గాని నడుపుకొనే సోదరులారా, మీ బండిలో ఒక కొత్త ప్లగ్గు, ఒక పొడి గుడ్డ, ఒక టార్చి ఎప్పుడూ ఉండనివ్వండి. మీ బండి ఎప్పుడెప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో ఒక చిన్న పుస్తకములో వ్రాసుకోండి. రెండుసార్లు ఒకే కారణము కనబడితే మూడవసారి దాకా ఆగవద్దు.

ఆ కుర్రవానికి జవాబు

ఇదంతా చదివిన తరువాత ఒక ఆదివారము ఆరాధన అయ్యాక ఆ కుర్రవానిని పిలిచి చెప్పాము. "అబ్బాయీ, ఆ కారు స్టార్టు చేస్తూ ఉంటే స్టార్టవుతుంది. వదిలేస్తే కాదు. అది నిజాముది అయినా అంతే, మీ నాన్న స్ప్రే ఇంజనైనా అంతే." వాడు నవ్వి, "అది మా గురువు రోజూ చెప్పేదేనయ్యగారూ" అన్నాడు.

మా బాబాయికి ఇప్పుడు ముసలితనము వచ్చింది. ఆ అంబాసిడర్ ఎన్నడో పాత ఇనుముకు పోయింది. అయితే ఆ రాత్రి తరువాత ఆయన కారును నడిపినన్నాళ్లు ప్రతి శనివారము సాయంత్రము, ప్రొద్దు గ్రుంకక ముందే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చూసేవాడు. ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఒక జత పాయింట్లు, ఒక కండెన్సరు, రెండు ప్లగ్గులు, ఒక పొడి గుడ్డ పెట్టుకొని సీటు క్రింద ఉంచేవాడు. ఆ తరువాత ఎంతమంది గర్భిణీ స్త్రీలను, పాము కరిచినవారిని, మందు తాగినవారిని ఆయన గుంటూరు చేర్చాడో ఊరికి తెలుసు. దారిలో బండి ఆగిందని మరల ఎవరూ అనలేదు.

మొన్న వారి ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు కిటికీలో ఆ డబ్బా కనబడింది. తుప్పు పట్టి ఉన్నది. మూత తీసి చూశాము. లోపల ఆయన మనుమని మోపెడ్ కొరకు కొన్న కొత్త ప్లగ్గు ఒకటి, ఉతికిన గుడ్డ ఒకటి ఉన్నాయి.